సున్నా రూపాయి నోటులో కొమురమ్మ ఇల్లు

నాగులగట్టు కోటకు వచ్చేవాళ్లు కోటను చూసి వెళ్లిపోతున్నారన్నది మా సంస్థకు ఎంతోకాలంగా ఉన్న మనోవేదన. చూసి వెళ్లిపోతే సంస్థకు ఒరిగేదేమిటి? ఈ విషయం మీద మేము సదస్సులు పెట్టాం, నివేదికలు రాయించాం, భోజనాలు చేశాం. భోజనాలు మాత్రం బాగున్నాయి.

సంస్థ అంటే చారిత్రక కట్టడాల సందర్శన ప్రోత్సాహక సంస్థ. నేను అందులో ప్రచార విభాగం సహాయ అధికారిని. ప్రచారం చేయడానికి విభాగంలో నేనొక్కడినే ఉన్నాను కాబట్టి ఎవరికి సహాయపడుతున్నానో ఇంతవరకు తెలియలేదు.

మా మేనేజింగ్ డైరెక్టర్ పరాంకుశం గారు ఆ మధ్య విదేశాలకు అధ్యయన యాత్రకు వెళ్లి, ఒక నోటు పట్టుకొచ్చారు. అచ్చం డబ్బు నోటులాగే ఉంది. గీతలు, పూలు, సంఖ్య, మెరిసే దారం, మధ్యలో ఒక కోట బొమ్మ. విలువ మాత్రం సున్నా. జ్ఞాపకార్థం దాచుకోవడానికి జనం వరసలో నిలబడి కొంటున్నారట.

"కోట ఎలా ఉంది సార్?" అన్నాను.

"కోట లోపలికి వెళ్లడానికి టైమెక్కడిదయ్యా? నోటు క్యూలోనే సాయంత్రమైపోయింది. అదీ పర్యాటకమంటే!" అన్నారు.

ఇక మా దగ్గర కూడా నోటు రావలసిందేనని తేలిపోయింది. విలువ సున్నా రూపాయి, ధర నూరు రూపాయలు. నాగులగట్టు కోటలో ఎత్తయిన ఏనుగుల బురుజు బొమ్మ వేయాలి. అన్నీ ఖాయమయ్యాక పరాంకుశం గారికి నమూనాలో ఏదో లోపించినట్టు తోచింది. జేబులోంచి నిజమైన నూరు రూపాయల నోటు తీసి పక్కన పెట్టి చూశారు.

"హామీ ఏదీ? అసలు నోటు మీద గవర్నరు హామీ ఇస్తాడు. మన నోటు మీద నేనివ్వాలి. హామీ లేని నోటుకూ కేలండరు కాగితానికీ తేడా ఏముంది?"

"ఏమని ఇద్దాం సార్? ఇవ్వడానికి మన దగ్గర ఏమీ లేదు."

"చూపించడానికి ఉందిగా!"

అలా ఒక వాక్యం తయారైంది. 'ఈ నోటు తెచ్చినవారికి ఇందులో ముద్రించిన దృశ్యాన్ని చూపిస్తానని హామీ ఇస్తున్నాను.' ఆయన రెండుసార్లు పైకి చదువుకుని, వాక్యం తేలిపోతోందని 'యథాతథంగా' అన్న మాట చేర్చి సంతకం చేశారు. న్యాయ సలహాదారు మార్తాండశర్మ గారికి చూపిద్దామంటే ఆయన సెలవులో ఉన్నారు.

ఫోటో తీయడానికి నగరం నుంచి ఒక కుర్ర డిజైనరు వచ్చాడు. ఉదయపుటెండలో బురుజు బాగా పడింది. బురుజుతో పాటు దాని పాదాన ఉన్న కొమురమ్మ ఇల్లు కూడా పడింది.

కొమురమ్మ గురించి చెప్పాలి. యాభై దాటిన మనిషి. పత్తి ఏరడానికి పోతుంది, ఎండాకాలం కోటకు వచ్చేవాళ్లకు మజ్జిగ అమ్ముతుంది. బురుజు నీడలో ఒక పెంకుటిల్లు ఆమెది. పెనిమిటి పోయాక కూలి డబ్బుతో తానే కట్టించుకుంది, పెంకులు తానే నెత్తిన మోసుకొచ్చింది. కోట చుట్టూ ఇళ్లుండకూడదని మా సంస్థ నిర్ణయించినప్పుడు మిగతావాళ్లంతా ఇచ్చింది తీసుకుని వెళ్లిపోయారు. ఈమె కదల్లేదు. మా ఇంజనీరు జలంధర్ గారు వచ్చి గోడ మీద ఎర్ర రంగుతో పెద్ద ఇంటూ గుర్తు గీయించారు. త్వరలో కూల్చేస్తామని దాని అర్థం.

నోటులో ఇవన్నీ పడ్డాయి. ఇంటి కప్పు మీద గుమ్మడి పాదు, దాని మధ్య ఒక పండిన గుమ్మడికాయ, కప్పు మూలన పెంకు ఎగిరిపోయిన కంత, గోడ మీద ఎర్ర ఇంటూ గుర్తు, బురుజు కొక్కేనికీ కిటికీకీ మధ్య కట్టిన తాడు మీద ఎర్రంచు చిలకపచ్చ చీర. ఇవి తీసేయకూడదా అని అడిగితే డిజైనరు నా వైపు జాలిగా చూశాడు.

"తీసేస్తే ఉత్త రాళ్లే మిగుల్తాయి సార్. ఇందులో లైఫ్ ఉంది," అన్నాడు.

నోటు విడుదలైంది. జనం ఎగబడి కొన్నారు. కొత్తగా కోటకు వచ్చేవాళ్లు కౌంటరు దగ్గరే ఆగిపోయి నోటు కొనుక్కుని, అట్నుంచటే బస్సెక్కుతున్నారని తెలిసి పరాంకుశం గారు ఎంతో సంతోషించారు. విదేశీ ప్రమాణాలను అందుకున్నామన్నారు.

అంతలో కాకినాడ నుంచి గున్నేశ్వరరావు గారని ఒక రిటైర్డు పెద్దమనిషి దిగారు. ఆయన దేశదేశాల నోట్లు సేకరిస్తారు. నోటు కొని వెళ్లిపోకుండా, చేతిలో భూతద్దంతో బురుజు దగ్గరకు నడిచిన మొదటి మనిషి ఆయనే. అరగంట తర్వాత నా గదిలోకి వచ్చి కూర్చున్నారు.

"గుమ్మడికాయ లేదండీ," అన్నారు.

"ఏ గుమ్మడికాయ?"

"నోట్లో ఉన్నదండీ. కప్పు మీద చూసుకోండి. పాదుంది, కాయ లేదు. యథాతథంగా చూపిస్తానని ఆయనెవరో సంతకం పెట్టారు కదండీ. సామర్లకోటలో బండెక్కి ఇంత దూరం వచ్చానండి మరి. చూపించండి."

నేను ఆయన్ని వెంటబెట్టుకుని కొమురమ్మ ఇంటికి వెళ్లాను. ఆమె వాకిట్లో చింతపండు పిక్కలు తీస్తోంది.

"కొమురమ్మా, కప్పు మీది గుమ్మడికాయ ఏమైంది?"

"పులుసు వెట్టిన సారూ."

"మొత్తమా?"

"ఒక్కదాన్నేం తింట? ఊరంత పంచిన. మీ వాచ్‌మన్ గిన్నె తెచ్చుకొని మరీ పట్కపోయిండు."

గున్నేశ్వరరావు గారు లేఖ రాశారు. అందులో మోసం, వినియోగదారు, న్యాయస్థానం అన్న మాటలు ఉన్నాయి. మార్తాండశర్మ గారిని సెలవు మధ్యలోంచి పిలిపించారు. ఆయన నోటును వెలుతురుకు ఎత్తి చూసి, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"ఇది ఒప్పందమే. దృశ్యం యథాతథంగా లేని పక్షంలో హామీదారు బాధ్యుడు. హామీదారు సంస్థ కాదు, కింద సంతకం చేసిన వ్యక్తి," అన్నారు.

పరాంకుశం గారు మంచినీళ్లు తెప్పించుకున్నారు. ఆ సాయంత్రమే అత్యవసర సమావేశం జరిగింది. సదరు గుమ్మడికాయను తక్షణం పునరుద్ధరించాలని తీర్మానించాం. ప్లాస్టిక్‌ది పెడదామని నేనంటే మార్తాండశర్మ గారు అది ఫోర్జరీ కిందకు వస్తుందన్నారు. కప్పు మీద ఉండేది కాబట్టి గుమ్మడికాయ ఇంజనీరింగ్ విభాగం పరిధిలోకి వచ్చింది. జలంధర్ గారు టెండరు పిలిచారు. 'గుండ్రంగా, పండి, ఎడమ వైపుకు ఒరిగి ఉండవలెను. కుళ్లిన యెడల కాంట్రాక్టరే మార్చవలెను.'

అప్పుడే ఎవరికో గుర్తొచ్చింది, వచ్చే నెల కూల్చవలసిన ఇల్లు అదే కదా అని.

"కూల్చరాదు," అన్నారు మార్తాండశర్మ గారు. "ఇల్లు దృశ్యంలో అంతర్భాగం."

"మరి గోడ మీద కూల్చివేత గుర్తు ఉందే!" అన్నారు జలంధర్ గారు.

"గుర్తూ అంతర్భాగమే. దాన్ని చెరపరాదు. గుర్తు ఉండాలి కాబట్టి గోడ ఉండాలి. గోడ ఉండాలి కాబట్టి కూల్చరాదు."

ఆ కబురు నేనే తీసుకెళ్లి కొమురమ్మకు చెప్పాను.

"నిజంగనే కూలగొట్టరా? నా ఇల్లు నాకుంటదా?"

"ఉంటుంది. నోటులో పడింది."

ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుని, లోపలికి పోయి ఒక గ్లాసు మజ్జిగ తెచ్చి నా చేతిలో పెట్టింది. నాకు ఉద్యోగంలో చేరిన తర్వాత అంత మంచి రోజు మరొకటి లేదు.

మర్నాటి నుంచి దృశ్య పరిరక్షణ ఉపసంఘం పని మొదలుపెట్టింది. చీర పొద్దున తాడు మీద పడాలి, సాయంత్రం వరకు తియ్యకూడదు, ఎండైనా వానైనా. అంచు బురుజు వైపే ఉండాలి. కొమురమ్మ దాన్ని కట్టుకోకూడదు. కట్టుకుంటే నలుగుతుంది, నలిగితే నోటులో ఉన్నట్టు ఉండదు. ఆమెకున్న ఒకే ఒక మంచి చీర అది. అంతకు ముందు ఏడు పత్తి బాగా పండినప్పుడు కొనుక్కుంది.

"మా చెల్లె బిడ్డ సీమంతం ఉన్నది సారూ. గా ఒక్కనాడు కట్టుకొని, ఉతికి మళ్ల ఆరేస్త," అని అడిగింది.

నేను ఆ విన్నపాన్ని తగు పరిశీలన నిమిత్తం పైకి పంపాను. చీర వెలిసిపోతే వాటిల్లే నష్టాన్ని అంచనా వేయలేమని పైనుంచి జవాబు వచ్చింది. కొమురమ్మ పాత చీరతోనే వెళ్లి వచ్చింది.

వానలు మొదలయ్యాయి. కప్పు మూలనున్న కంతలోంచి నీళ్లు ఆమె పొయ్యిలో పడ్డాయి. ఒక్క పెంకు పెడితే సరిపోయే పని. ఆమె నిచ్చెన వేసుకుని ఎక్కబోతే వాచ్‌మన్ ఈల ఊదాడు.

"ఇల్లు కురుస్తాంది సారూ! ఒక్క పెంకేసుకుంట. నా ఇంటికి నేను పెంకేసుకుంటే మీకేం నొస్తది?" అని ఆఫీసుకొచ్చి అడిగింది.

జలంధర్ గారు నోటు తీసి ఆమె ముందు పెట్టారు. "కంత ఇక్కడ స్పష్టంగా ఉందమ్మా. దీన్ని మూసే అధికారం ఎవరికీ లేదు. వాన నీటి విషయంలో సంస్థ మీ పట్ల సానుభూతి వ్యక్తం చేస్తోంది."

"గా సానుబూతి గిన్నెలాగ కింద పెట్టొస్తదా సారూ?" అంది కొమురమ్మ.

జలంధర్ గారు ఆ ప్రశ్నను రాసుకోలేదు.

గుమ్మడికాయ గొడవ ఊళ్లకు పాకి, జనం నోటు పట్టుకుని ఇంటితో పోల్చి చూడడం మొదలుపెట్టారు. ఒక పర్యాటకుల గుంపు, ఇంటి కప్పులోంచి పొగ వస్తోందని, నోటులో పొగ లేదని ఫిర్యాదు చేసింది. సందర్శన వేళల్లో పొయ్యి వెలిగించరాదన్నారు. మరో ఆయన, అరుగు మీద ఎవరో ఆడమనిషి కూర్చుని ఉందని, నోటులో అరుగు ఖాళీగా ఉందని రాశాడు. ఈ ఫిర్యాదు మీద ఉపసంఘం చాలాసేపు చర్చించింది. జలంధర్ గారికి ఉన్నట్టుండి మెరుపులాంటి ఆలోచన వచ్చింది.

"దృశ్యంలో ఇల్లుంది, గుమ్మడికాయ ఉంది, చీర ఉంది. ఈవిడ ఎక్కడుంది?"

అందరూ భూతద్దంతో వెతికారు. కొమురమ్మ ఎక్కడా లేదు. ఫోటో తీసిన పూట ఆమె పత్తి చేలో ఉంది.

"అయితే ఈమె దృశ్యానికి అదనం," అని తేల్చారు మార్తాండశర్మ గారు.

తీర్మానం నా చేతే రాయించారు. ఇల్లు ఎట్టి పరిస్థితుల్లోనూ చెక్కుచెదరకుండా కాపాడబడును. సదరు గృహవాసి మాత్రం వారం లోపల ఖాళీ చేయవలెను. చీర ఆరవేయుటకు ఔట్‌సోర్సింగ్ పద్ధతిన ఒక సహాయకుడు నియమించబడును. గృహవాసి కోరినచో ఆ ఉద్యోగానికి దరఖాస్తు చేసుకొనవచ్చును. అది రాస్తున్నప్పుడు నాకు సిగ్గేసింది. సిగ్గు పడుతూనే పూర్తి చేశాను, ఎందుకంటే జీతాల బిల్లు కూడా ఆ రోజే సంతకానికి వెళ్లింది.

చదివి వినిపిస్తే కొమురమ్మ నమ్మలేదు. మళ్లీ చదవమంది.

"ఇల్లు ఉంటదట. నేనుండొద్దట. గంతేనా?"

"అంతే."

"మంచిది సారూ," అంది. ఆమె ఏడుస్తుందనో తిడుతుందనో సిద్ధపడి వెళ్లిన నేను తీర్మానం ప్రతిని అరుగు మీద పెట్టి వచ్చేశాను.

ఖాళీ చేయవలసిన రోజు పొద్దున్నే జలంధర్ గారు, వాచ్‌మన్, ఒక మహిళా కానిస్టేబుల్, నేను వెళ్లాం. తాడు ఖాళీగా ఉంది. కొమురమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. తలస్నానం చేసి, బొట్టు పెట్టుకుని, ఎర్రంచు చిలకపచ్చ చీర నిండుగా కట్టుకుని కూర్చుంది.

"చీరేదీ?" అన్నారు జలంధర్ గారు, ఆమె వైపు చూస్తూనే.

"కట్టుకున్న."

"అది తాడు మీద ఉండాలి!"

"ఉండాలె మరి. తీసుకోండ్రి సారూ," అంది కొమురమ్మ.

జలంధర్ గారు వాచ్‌మన్ వైపు చూశారు. వాచ్‌మన్ నా వైపు చూశాడు. నేను మహిళా కానిస్టేబుల్ వైపు చూశాను. ఆమె టోపీ సర్దుకుంది.

"కట్టుకున్న చీర ఇప్పమని నేను అడుగుతనా సార్? నాకు ఇద్దరాడపిల్లలు. కావాలంటే మీరు రాతపూర్వకంగా ఆర్డరియ్యిండ్రి," అని చెప్పి నీడలోకి వెళ్లి నిలబడింది.

ఆ ఆర్డరు ఎవరు రాయాలి? ఫైలు నాతో మొదలైంది. 'సదరు మహిళ ధరించియున్న సదరు చీరను' అన్నంతవరకు రాశాను. ఆ తర్వాత ఏం రాసినా జైలే. అక్కడితో ఆపి 'తగు ఆదేశాల నిమిత్తం' అని ఇంజనీరుగారికి పంపాను. ఆయన 'ఇది వస్త్ర విషయం, కట్టడ విషయం కాదు' అని రాసి న్యాయ సలహాదారుకు తోశారు. మార్తాండశర్మ గారు 'తాడు మీద ఉన్నప్పుడు అది దృశ్యం, ఒంటి మీద ఉన్నప్పుడు దుస్తులు. దృశ్యం మీద సంస్థకు హక్కు కలదు, దుస్తుల మీద లేదు' అని రాసి పరాంకుశం గారికి సమర్పించారు. పరాంకుశం గారు 'చర్చించండి' అని రాశారు. చర్చకు పిలిస్తే మా ముగ్గురికీ ఒకేసారి జ్వరం వచ్చింది.

ఈలోగా కౌంటరు దగ్గర జనం నోట్లు పట్టుకుని చీర చూపించమని గొడవ చేస్తున్నారు. కొమురమ్మ పగలూ రాత్రీ ఆ చీరలోనే ఉంది. చివరికి సంతకం చేసినాయనే స్వయంగా రావలసి వచ్చింది. పరాంకుశం గారు అరుగు ముందు నిలబడి గొంతు సవరించుకున్నారు.

"చూడమ్మా, సంస్థ మీ సమస్యను సానుకూల దృక్పథంతో పరిశీలిస్తుంది. మీకేం కావాలి?"

"నా ఇంట్ల నేనుంటె చాలు. కంతకు పెంకెయ్యాలె. పొద్దుమూకి కాదు, నాకు ఆకలైనప్పుడు పొయ్యి ముట్టిచ్చుకుంట. చీర నాది, నేను కట్టుకుంట."

"అవన్నీ నోటుకు విరుద్ధం కదమ్మా!"

"అయితే నోటు మార్చుకోండ్రి. ఇల్లు మార్చుడు కన్న కాయితం మార్చుడు అల్కగనే ఉంటది గదా."

ఇంతమందిమి ఇన్ని సమావేశాల్లో కూర్చున్నా ఆ మాట ఎవరి నోటా రాలేదు. పరాంకుశం గారు వెంటనే దాన్ని తన ఆలోచనగా ప్రకటించారు. మొదటి ముద్రణ రద్దు, రెండవ ముద్రణ, సవరించిన దృశ్యం. కంతకు పెంకు పడింది. తాడు విప్పేశారు. డిజైనరు మళ్లీ వచ్చాడు.

ఫోటోకు అంతా సిద్ధమయ్యాక పరాంకుశం గారికి ఉదారబుద్ధి పుట్టింది. ఈసారి ఆమెను కూడా దృశ్యంలో చేర్చాలన్నారు.

"అరుగు మీద కూర్చో కొమురమ్మా, నవ్వుతూ! ఇక నిన్ను ఎవరూ కదపలేరు," అన్నారు.

కొమురమ్మ కూర్చోబోయి ఆగింది. "కదపలేరంటె?"

"నోటులో ఉన్నవాళ్లను తీసేసే అధికారం ఎవరికీ లేదు. నువ్వు ఇక్కడే ఉండొచ్చు. అంటే, ఉండాలి. సందర్శన వేళలంతా."

"పత్తికి పోవద్దా?"

"నోటులో కూర్చుని ఉన్నావు కదా మరి."

"మా చెల్లె ఇంటికి?"

పరాంకుశం గారు మార్తాండశర్మ గారి వైపు చూశారు. ఆయన తల అడ్డంగా ఊపారు. వెంట్రుక తెల్లబడితే ఏం చేయాలో తర్వాత పరిశీలిస్తామని జలంధర్ గారు చెప్పారు.

కొమురమ్మ కప్పు మీద కాంట్రాక్టరు తీగతో కట్టిన గుమ్మడికాయ వైపు చూసింది. పాపం, అది పండి, పగిలి, ఈగలు ముసురుతున్నా దాన్నెవరూ దించలేదు. ఆమె చీర కొంగు నడుముకు దోపుకుంది.

"నన్నొద్దు సారూ. ఇల్లు తీసుకోండ్రి బొమ్మల, నన్ను తీసుకోకుండ్రి," అని లోపలికి పోయి తలుపు వేసుకుంది. గడియ పడిన చప్పుడు వినిపించింది. వెలుతురు పోతోందని డిజైనరు అప్పుడే ఫోటో తీసేశాడు.

రెండవ ముద్రణ నోటు వచ్చింది. బురుజు, పెంకుటిల్లు, మూసి ఉన్న తలుపు. హామీ వాక్యం తీసేద్దామంటే పరాంకుశం గారు ఒప్పుకోలేదు, హామీ లేని నోటు నోటే కాదన్నారు.

మొదటి నోటు ఇప్పుడు అరుదైనది కావడంతో గున్నేశ్వరరావు గారి దగ్గరున్నదాని ధర బాగా పెరిగిందట. రెండోది కూడా కొనడానికి ఆయన పనిగట్టుకుని వచ్చారు. భూతద్దంతో పెంకులు లెక్కపెట్టి, గోడ చూసి, తలుపు చూసి తృప్తిపడ్డారు. అంతలో లోపలి నుంచి పోపు వేసిన వాసన గుప్పుమంది.

"లోపల ఎవరైనా ఉన్నారాండీ?" అన్నారు ముక్కు ఎగబీలుస్తూ.

తనిఖీ కోసం జలంధర్ గారు ముందుకెళ్లి తలుపు మీద చెయ్యి వెయ్యబోయారు. మార్తాండశర్మ గారు పరుగున వెళ్లి ఆ చెయ్యి పట్టుకున్నారు.

"తెరవరాదు! నోటులో తలుపు మూసి ఉంది. సందర్శన వేళల్లో దీన్ని తెరిచే అధికారం సంస్థలో ఎవరికీ లేదు."

పత్తి ఏరే కాలంలో కొమురమ్మ పొద్దు పొడవకముందే చేనుకు పోతుంది, జనం వెళ్లిపోయాక వస్తుంది. పని లేని రోజుల్లో మధ్యాహ్నం తిని, తలుపు వెనక హాయిగా నిద్రపోతుంది. ఆమె గురక బయటికి వినిపిస్తుంది. శబ్దం నోటులో లేదు కదా అని ఒకాయన ఫిర్యాదు రాసిచ్చాడు. నిజానిజాలు తేల్చాలంటే తలుపు తెరవాలి కాబట్టి ఆ ఫైలు మా ఆఫీసులోనే తిరుగుతోంది.